టైరు పక్కన రాసిన బరువు: వ్యాను టైర్ల అంకెల చరిత్ర

వ్యాను టైరు పక్కభాగం మీద, రబ్బరులోనే ఉబ్బెత్తుగా అచ్చుపోసి ఉండే రాతను ఒక శాసనంగా చదవవచ్చు. అందులోని ఒక్కొక్క అక్షరం, ఒక్కొక్క అంకె వేర్వేరు దశాబ్దాలలో, వేర్వేరు దేశాలలో, వేర్వేరు అవసరాల కోసం పుట్టి, చివరకు ఒకే వరుసలో చేరి నిలిచాయి. సరుకు మోసే వ్యాన్లకు ఐరోపాలో విరివిగా వాడే ఒక టైరు మీద 195/70 ఆర్ 15 సి అనీ, దాని పక్కనే 104/102 ఆర్ అనీ, కొంచెం ఎడంగా 8 పి.ఆర్. అనీ ఉంటుంది. మొదటి భాగం చాలావరకు కొలతలకు సంబంధించినది: టైరు వెడల్పు 195 మిల్లీమీటర్లు, పక్కభాగం ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం, లోపలి దారాల అమరిక రేడియల్ పద్ధతిది, అది ఎక్కే రిమ్ము వ్యాసం 15 అంగుళాలు. మిల్లీమీటర్లూ అంగుళాలూ ఒకే వరుసలో కలిసి ఉండడం ఈ రాత ఒక్క చేతి మీదుగా రూపొందలేదని చెప్పే తొలి ఆనవాలు. మిగిలిన సి, 104/102, రెండవ ఆర్, 8 పి.ఆర్. అన్నవి నాలుగూ బరువుకు, ఆ బరువుతో పరుగెత్తగల వేగానికి సంబంధించినవి.

టైరు కొనేవారు సాధారణంగా మొదటి భాగాన్నే చూస్తారు, దానికి కారణమూ ఉంది. రిమ్ము కొలత తప్పిన టైరు చక్రానికి ఎక్కనే ఎక్కదు కనుక ఆ పొరపాటు దుకాణంలోనే బయటపడుతుంది. బరువు తప్పిన టైరు మాత్రం చక్కగా ఎక్కుతుంది, గాలి పట్టుకుంటుంది, నెలల తరబడి తిరుగుతుంది. దాని లోపం బయటపడేది మండు వేసవిలో, నిండు లోడుతో, జాతీయ రహదారి మీద వేగంగా పోతున్నప్పుడే. కంటికి కనబడని ఈ హద్దును అంకెగా మార్చి టైరు మీదనే రాయడానికి ఇంజనీర్లకు, ప్రమాణ సంస్థలకు, ప్రభుత్వాలకు దాదాపు ఒక శతాబ్దం పట్టింది. ఆ శతాబ్దపు కథ తెలియకుండా ఆ అంకెలను చదివితే వాటిలో కొన్ని తప్పుదారి కూడా పట్టిస్తాయి.

గాలి టైరుకు ముందు బరువు మోసినది కర్ర. ఎడ్లబండి చక్రంలో నడుమ కుండ, కుండలో నుంచి వెలుపలికి సాగే ఆకులు, ఆకుల కొనలను కలుపుతూ చుట్టూ తిరిగే కర్ర అంచు, ఆ అంచును బిగించి పట్టే ఇనుప పట్టా ఉంటాయి. ఆ పట్టాను చక్రం చుట్టుకొలత కంటె కాస్త చిన్నదిగా చేసి, ఎర్రగా కాల్చి, వేడికి సాగి ఉన్నప్పుడే చక్రానికి తొడిగి నీళ్లు పోసేవారు. చల్లారుతూ ముడుచుకునే ఇనుము కర్ర కీళ్లన్నిటినీ ఒక్కటిగా బిగించేది. ఆ చక్రం ఎంత మోయగలదో వడ్రంగికి, బండి తోలేవానికి కంటి అంచనాగా, ఇరుసు చేసే చప్పుడుగా తెలిసేదే తప్ప ఎక్కడా అంకె రూపంలో లేదు. నిజానికి దాని అవసరమూ అంతగా రాలేదు, ఎందుకంటే చక్రం విరిగే బరువు కంటె ముందే ఎడ్లు లాగలేని బరువు వచ్చేది. మోటారు వచ్చాక ఈ సహజమైన అడ్డు తొలగిపోయింది. ఇంజను అలసిపోదు, మొరాయించదు; చక్రం భరించలేని బరువును కూడా అది లాగుకుపోతుంది. టైరు బరువుకు రాతలో హద్దు గీయవలసిన అగత్యం అసలు ఇక్కడ మొదలైంది.

గాలి టైరు ఆలోచన మాత్రం మోటారు కంటె పాతది. స్కాట్లండుకు చెందిన ఇంజనీరు రాబర్ట్ విలియమ్ థామ్సన్ 1845 డిసెంబరులో దానికి పేటెంటు పొందాడు. రబ్బరు పట్టించిన గుడ్డతో చేసిన గొట్టంలో గాలి నింపి, దాని మీద తోలు తొడుగు బిగించి, గుర్రపు బండ్ల చక్రాలకు అమర్చి 1847లో లండనులో నడిపి చూపించాడు. గుర్రపు బండ్ల వేగానికి అంతటి వస్తువు ఎవరికీ అవసరమనిపించక ఆ పేటెంటు మరుగున పడింది. 1888లో బెల్‌ఫాస్టులో పశువైద్యుడిగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం అదే ఉపాయాన్ని స్వతంత్రంగా మళ్లీ కనుగొన్నాడు; గొట్టం మీద ఆయన చుట్టినది లినెన్ గుడ్డ. ఫ్రాన్సులోని క్లెర్మాఁ-ఫెరాఁకు చెందిన మిషెలిన్ సోదరులు 1895లో పారిస్ నుంచి బోర్డోకు వెళ్లి తిరిగివచ్చే పందెంలో గాలి టైర్ల మీద మోటారుకారును నడిపి, అది సైకిలుకే పరిమితం కాదని నిరూపించే ప్రయత్నం చేశారు.

థామ్సన్ నమూనాలోనే కనబడే ఒక విభజన ఈనాటికీ మారలేదు: బరువు మోసేది గాలి, ఆ గాలిని చెదరకుండా పట్టి ఉంచేది గుడ్డ, ఆ గుడ్డను నేల రాపిడి నుంచి కాచేది పైతొడుగు. టైరు బలమంటే రబ్బరు మందమని తలచడం సర్వసాధారణం కాని, లెక్క వేరు. పైన చెప్పుకున్న టైరులో నిండు లోడుకు నిర్దేశించిన గాలి పీడనం 450 కిలోపాస్కల్, అంటే డ్రైవర్ల వాడుకలో సుమారు 65 పాయింట్లు. చదరపు సెంటీమీటరుకు దాదాపు 4.6 కిలోల ఒత్తిడి. ఆ టైరు మోయవలసిన గరిష్ఠ బరువు 900 కిలోలు. టైరు గోడల బిగువును పక్కన పెట్టి ఉజ్జాయింపుగా చూస్తే, 900ను 4.6తో భాగించగా వచ్చే 196 చదరపు సెంటీమీటర్ల జాగా మీద ఆ భారమంతా నిలబడుతుంది. అది 14 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు గల చిన్న చదరం; పెద్దవారి చెయ్యి వేళ్లతో సహా నేల మీద ఆనించినంత మేర. అటువంటి నాలుగు చేతుల మీద నిండు వ్యాను రోడ్డంతా సాగిపోతుంది.

గాలి 65 నుంచి 45 పాయింట్లకు తగ్గితే అదే 900 కిలోలను మోయడానికి దాదాపు 285 చదరపు సెంటీమీటర్ల జాగా కావాలి. ఆ జాగా కోసం టైరు మరింతగా అణగుతుంది, పక్కభాగం మరింతగా వంగుతుంది. ఈ కొలత టైరు 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనుకు సుమారు 11 సార్లు తిరుగుతుంది, అంటే పక్కభాగంలోని ప్రతి అంగుళమూ సెకనుకు 11 సార్లు వంగి నిటారవుతుంది. హైదరాబాదు నుంచి తిరుపతికి ఉన్న సుమారు 560 కిలోమీటర్ల ప్రయాణంలో ఒక టైరు వంగి లేచే సంఖ్య రెండు లక్షల డెబ్బై వేలు దాటుతుంది. వంగిన ప్రతిసారీ రబ్బరు తనలోకి తీసుకున్న శక్తిని పూర్తిగా తిరిగి ఇవ్వక, కొంత భాగాన్ని వేడిగా లోపలే మిగుల్చుకుంటుంది. ఆ వేడి బయటికి పోయే దాని కంటె పుట్టేది ఎక్కువైనప్పుడు పొరల మధ్య అంటు విడిపోతుంది. అందువల్ల బరువు మించడం, గాలి తగ్గడం అనే రెండు తప్పులు టైరుకు సంబంధించినంత వరకు ఒక్కటే.

తొలి తరం టైర్లలో గాలిని పట్టి ఉంచినది పత్తి. మొదట వాడినది నిలువు పోగులు, అడ్డ పోగులు కలిపి నేసిన మామూలు కాన్వాసు. టైరు వంగినప్పుడల్లా ఆ పోగులు ఒకదాని మీద ఒకటి రాచుకుని, రంపంలా కోసుకుని, కొన్ని వందల మైళ్లకే తెగిపోయేవి. దీనికి విరుగుడుగా, అడ్డ పోగులను దాదాపు పూర్తిగా తీసివేసి, ఒకే దిశలో పరచిన తాళ్ల వంటి దారాలను రబ్బరులో పొదిగి, ఒక పొర మీద మరొక పొరను ఏటవాలుగా ఎదురెదురు దిక్కులలో వేసే పద్ధతి 1910ల నాటికి స్థిరపడింది. ఈ దారాలను కార్డు అనీ, ఒక్కొక్క పొరను ప్లై అనీ అన్నారు. దారం బలం పత్తి పింజ పొడవు మీద ఆధారపడేది కనుక ఈజిప్టు పత్తికి, పొడుగు పింజ అమెరికా పత్తికి గిరాకీ పెరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ సరఫరా దెబ్బతిన్నప్పుడు గుడ్‌ఇయర్ సంస్థ అరిజోనా ఎడారి నేలలో స్వయంగా పత్తి సాగు మొదలుపెట్టింది, ఆ పొలాల చుట్టూ పెరిగిన ఊరికి ఈనాటికీ గుడ్‌ఇయర్ అనే పేరే ఉంది. టైరు చరిత్రను రబ్బరు తోటల చరిత్రగా మాత్రమే రాయడం ఎంత అసంపూర్ణమో చెప్పడానికి ఈ ఒక్క ఊరు చాలు. రబ్బరుతో సమానంగా పత్తి కూడా ఆ బరువులో పాలుపంచుకుంది.

పత్తి దారం ఉన్నంత కాలం టైరు బలాన్ని చెప్పడం సులభమైన పని. ఎక్కువ బరువుకు ఎక్కువ గాలి కావాలి, ఎక్కువ గాలిని పట్టి ఉంచడానికి ఎక్కువ పొరలు కావాలి. కాబట్టి నాలుగు పొరల టైరు కారుకు, ఆరు, ఎనిమిది పొరలవి చిన్న లారీలకు, పది, పన్నెండు పొరలవి పెద్ద లారీలకు అని లెక్కపెట్టి చెప్పవచ్చు. ఏ కొలత టైరు ఏ గాలితో ఎంత మోయాలో ఉమ్మడిగా నిర్ణయించే పట్టికలను అమెరికాలో టైర్ అండ్ రిమ్ అసోసియేషన్ వంటి సంఘాలు ప్రకటిస్తూ వచ్చాయి. అయితే పొరలు పెంచడంలో ఒక చిక్కు మొదటి నుంచీ ఉంది. పొరలు పెరిగితే గోడ మందమవుతుంది, మందమైన గోడ వంగినప్పుడు ఎక్కువ వేడెక్కుతుంది, లోపలి వేడి బయటపడే దారి దూరమవుతుంది. లారీలు చాలాకాలం గాలి లేని గట్టి రబ్బరు చక్రాల మీదనే నడవడానికి ఇది ఒక ముఖ్య కారణం. 1917లో గుడ్‌ఇయర్ సంస్థ వింగ్‌ఫుట్ ఎక్స్‌ప్రెస్ అనే పేరుతో ఏక్రన్ నుంచి బోస్టనుకు గాలి టైర్ల మీద లారీలను నడిపి, టైర్లు పేలుతున్నా మార్చుకుంటూ సేవను కొనసాగించి, బరువైన బండికి కూడా గాలి పనికివస్తుందని వ్యాపార లోకాన్ని ఒప్పించింది.

ఆ తరువాత వచ్చిన మార్పు వల్లనే ఈనాటి గందరగోళం పుట్టింది. 1930లలో రేయాన్, రెండవ ప్రపంచ యుద్ధం తరువాత నైలాన్, 1960లలో పాలియెస్టర్ పత్తి స్థానాన్ని ఆక్రమించాయి. నైలాన్ కంటె ముందే 1937లో మిషెలిన్ ఉక్కు తీగను టైరులో వాడింది. కొత్త దారం పత్తి కంటె చాలా బలమైనది కనుక, ఎనిమిది పత్తి పొరలు చేసిన పనిని నాలుగు నైలాన్ పొరలు, ఒక్కొక్కచోట అంతకంటె తక్కువ పొరలు చేయగలిగాయి. తయారీదారులు పొరలు తగ్గించారు, కాని కొనేవారికి అలవాటైన ఎనిమిది అన్న అంకెను తగ్గించే సాహసం చేయలేకపోయారు. అందువల్ల ఎనిమిది పొరల టైరు అన్న మాట ఎనిమిది ప్లై రేటింగు టైరు అని మారింది, పి.ఆర్. అన్న రెండక్షరాలకు అర్థం ఇదే. ఆ టైరు ఒకప్పటి ఎనిమిది పత్తి పొరల టైరుకు సమానమైన బరువును మోస్తుందని దాని భావం, లోపల ఎనిమిది పొరలు ఉన్నాయని కాదు. అమెరికా నిబంధనల ప్రకారం అసలు పొరల సంఖ్యను కూడా చిన్న అక్షరాలలో అదే పక్కభాగం మీద రాయవలసి ఉన్నందున, 8 అని పెద్దగా, పక్కభాగంలో పాలియెస్టర్ పొరలు 2 అని చిన్నగా ఒకే టైరు మీద చదవడం సాధ్యమే. పత్తి పోయి తరాలు గడిచినా దాని కొలమానం పోలేదు.

భారతదేశంలో ఈ కొలమానానికి చట్టంలోనే చోటు దక్కింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 95వ నియమం టైర్ల కొలత, ప్లై రేటింగు గురించినదే. అప్పటికి దేశంలోని టైర్ల పరిశ్రమకు అర్ధ శతాబ్దపు చరిత్ర ఉంది. హుగ్లీ ఒడ్డున సాహాగంజ్‌లో డన్‌లప్ కర్మాగారం 1936లో మొదలైంది, మద్రాసులో 1946లో బొమ్మ బెలూన్ల తయారీతో పుట్టిన ఎం.ఆర్.ఎఫ్. తరువాత టైర్లలోకి వచ్చి సదాశివపేటలో కూడా కర్మాగారం నెలకొల్పింది. దేశీయ లారీల లోకంలో ఏటవాలు పొరల పాత పద్ధతి టైరుకు నైలాన్ అన్న పేరే స్థిరపడి, రేడియల్‌కు ప్రతిపదంగా వాడుకలో నిలిచింది. బటన్, అంటే నేలను తాకే పైతొడుగు, అరిగితే మళ్లీ రబ్బరు అతికించి ఒకటికి రెండుసార్లు వాడుకునే అలవాటు, ఓవర్‌లోడుకు తట్టుకుంటుందనే నమ్మకం నైలాన్ టైరును ఇక్కడ చాలాకాలం నిలబెట్టాయి. బరువు ఎక్కువ వేయాలనుకున్నవారు కమాను కట్టలకు మరొక పట్టీ చేర్పించడం కూడా ఈ లోకంలో మామూలే. పట్టీ చేర్చడం వల్ల బండి వెనుక భాగం కిందికి కుంగడం ఆగుతుందే తప్ప టైరు హద్దు ఒక్క కిలో కూడా పెరగదు. పైగా బరువు ఎక్కువైన సంగతిని కంటికి చూపించే ఆ కుంగుబాటు కూడా మాయమవుతుంది కనుక ఇది మరింత ప్రమాదకరమైన పని.

కారుకు, లారీకి మధ్య వ్యాను ఒక ప్రత్యేక జాతిగా స్థిరపడినది రెండవ ప్రపంచ యుద్ధం తరువాత. వ్యాను అన్న మాట కారవాన్ అన్న పారశీక మూలం గల పదానికి పొట్టిరూపం. 1947లో సిట్రోయెన్ సంస్థ ముడతల రేకు ఒంటి గల ఎచ్ వ్యానును ప్రదర్శించింది. 1950 మార్చిలో వోల్ఫ్స్‌బర్గులో ఫోక్స్‌వ్యాగన్ ట్రాన్స్‌పోర్టర్ తయారీ మొదలైంది. 1965లో ఫోర్డ్ ట్రాన్సిట్ వచ్చింది. ఫోక్స్‌వ్యాగన్ వ్యాను మొదట మోసిన సరుకు 750 కిలోలు, 1963 నాటికి ఒక టన్ను రకం కూడా వచ్చింది. చక్రం చిన్నది, వేగం కారుది, బరువు లారీకి దగ్గరది. అంతవరకు ఉన్న రెండు రకాల టైర్లలో ఏదీ దీనికి సరిగా అమరలేదు. కారు టైరు వేస్తే బరువు చాలదు, లారీ టైరు వేస్తే ఆ వేగానికి వేడెక్కుతుంది. కారు టైరు కొలతల్లోనే ఎక్కువ గాలిని పట్టగల గట్టి అల్లికతో తయారైన టైరుకు కొలత చివర సి అన్న అక్షరం చేర్చారు; వాణిజ్యానికి ఉద్దేశించినదని దాని సూచన. అదే పనికి అమెరికాలోను, భారతదేశంలోను ఎల్.టి., అంటే లైట్ ట్రక్కు అన్న గుర్తు వాడుకలోకి వచ్చింది. 1969లో బజాజ్ టెంపో తెచ్చిన మెటాడోర్, 1984 నాటి మారుతి వ్యాను, 2005లో వచ్చిన టాటా ఏస్ తెలుగు ఊళ్ల రోడ్ల మీద ఈ జాతికి ప్రతినిధులు. మారుతి వ్యానుకు, టాటా ఏస్‌కు టైరు కొలత ఒక్కటే, 145 ఆర్ 12 ఎల్.టి.; అయితే మనుషులను మోసే మొదటిదానికి 6 పి.ఆర్., సరుకు మోసే రెండవదానికి 8 పి.ఆర్. దుకాణంలో పక్కపక్కన పెడితే రెండింటి రూపంలో తేడా పోల్చుకోవడం కష్టం. తేడా అంతా ఆ ఒక్క అంకెలో ఉంది.

రేడియల్ టైరు ఈ కథకు మరొక మలుపు. మిషెలిన్ 1946లో పేటెంటు పొందిన ఈ పద్ధతిలో దారాలు ఏటవాలుగా కాక ఒక అంచు నుంచి మరొక అంచుకు నేరుగా అడ్డంగా సాగుతాయి, నేలను తాకే భాగం కింద మాత్రం ఉక్కు తీగల పట్టీ విడిగా చుట్టి ఉంటుంది. పక్కభాగం సులువుగా వంగుతుంది, పొరలు ఒకదానితో ఒకటి రాచుకోవు, వేడి తక్కువగా పుడుతుంది. దీనితో పొరల సంఖ్యకు, బరువుకు మధ్య మిగిలిన కొద్దిపాటి సంబంధం కూడా తెగిపోయింది. ఇక బరువును ఏదో ఒక పాత టైరుతో పోల్చి కాక, నేరుగా కిలోలలో చెప్పే గుర్తు కావలసివచ్చింది.

ఆ గుర్తే లోడ్ ఇండెక్సు, అంటే 104 వంటి అంకె. ఇది కిలోల సంఖ్య కాదు, ఒక పట్టికలోని మెట్టు సంఖ్య. 100వ మెట్టు 800 కిలోలు, 104వది 900, 112వది 1120, 121వది 1450. ఈ మెట్లు సమానమైన కిలోలతో కాక సమానమైన నిష్పత్తితో పెరుగుతాయి. ఒక్కొక్క మెట్టుకు పెరుగుదల సుమారు 3 శాతం, 24 మెట్లకు బరువు రెట్టింపు, 80 మెట్లకు పదింతలు. 76వ మెట్టు 400 కిలోలైతే 100వది 800, 124వది 1600. 20వ మెట్టు 80 కిలోలైతే 180వది 8000. ఈ శ్రేణి వెనుక ఉన్న ఆలోచన టైర్ల పరిశ్రమది కానే కాదు. 19వ శతాబ్దం చివరి పాదంలో ఫ్రెంచి సైన్యంలో ఇంజనీరుగా ఉన్న షార్ల్ రెనార్, యుద్ధ బెలూన్లకు వాడే తాళ్ల మందాలు అడ్డదిడ్డంగా 425 రకాలుగా ఉండడం చూసి, ఒక మందం నుంచి మరొక మందానికి ఒకే నిష్పత్తి ఉండేలా అమర్చి వాటిని 17 రకాలకు కుదించాడు. పదింతల దూరాన్ని 5, 10, 20, 40 లేదా 80 సమ నిష్పత్తి మెట్లుగా విడగొట్టే ఈ పద్ధతిని 1950లలో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఆమోదించింది. 80 మెట్ల రెనార్ శ్రేణిని లోడ్ ఇండెక్సు పట్టిక పక్కన పెడితే రెండూ దాదాపు అడుగడుగునా కలుస్తాయి. బలమనేది కూడికలతో కాక గుణకారంతో కొలవవలసిన వస్తువని రెనార్ గ్రహించాడు: 400 కిలోల టైరుకు 50 కిలోల తేడా పెద్దది, 4000 కిలోల టైరుకు అది లెక్కలోనిది కాదు. బెలూను తాడును చూసి పుట్టిన ఆలోచన వ్యాను చక్రం దాకా రావడం ప్రమాణాల చరిత్రలోని సుందరమైన ఘట్టాలలో ఒకటి.

ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం ఆధ్వర్యంలో జెనీవాలో రూపొందిన 30వ నిబంధన కారు టైర్లకు 1975లోను, 54వ నిబంధన వాణిజ్య వాహనాల టైర్లకు 1983 మార్చి 1న అమలులోకి వచ్చాక ఈ అంకెలు టైరు మీద తప్పనిసరి అయ్యాయి. భారతదేశంలో వాణిజ్య వాహనాల టైర్లకు ఐ.ఎస్. 15636 అన్న ప్రమాణం ఏర్పడింది. 2009 నాటి నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు దానిని చట్టబద్ధం చేసింది. వ్యాను టైరు మీద అంకెలు రెండు ఉండడానికి కారణం వెనుక ఇరుసుకు అటు రెండు, ఇటు రెండు టైర్లు బిగించే అమరిక. ఒంటరి టైరుకు 104, అంటే 900 కిలోలు. జోడు టైర్లలో ఒక్కొక్కదానికి 102, అంటే 850 కిలోలు. రోడ్డు నడుమ ఎత్తుగా, అంచుల వైపు వాలుగా ఉంటుంది కనుకనూ, రెండింటిలో గాలి ఎప్పుడూ ఒకేలా ఉండదు కనుకనూ జోడు టైర్లు భారాన్ని సగం సగం పంచుకోవు. ఒకటి ఎక్కువ మోస్తుంది, నడుమ సందులో దాని వేడి కూడా సులభంగా పోదు. ఆ 50 కిలోల తగ్గింపు ఈ అసమానతకు విడిచిన జాగా. చివరి ఆర్ గంటకు 170 కిలోమీటర్ల వేగానికి గుర్తు. ముందు వచ్చిన రేడియల్ ఆర్‌తో దీనికి ఏ సంబంధమూ లేదు.

ఎంపిక లెక్క బండి మొత్తం బరువుతో కాక ఇరుసు బరువుతో చేయవలసినదని పట్టికల వెనుక ఉన్న నియమం. మొత్తం బరువు 3500 కిలోలుగా అనుమతి పొందిన వ్యానులో నాలుగు టైర్లకు తలా 875 కిలోలు అనుకుంటే 103వ మెట్టు చాలుననిపిస్తుంది. కాని సరుకంతా వెనుకకు చేరినప్పుడు వెనుక ఇరుసు మీద 2250 కిలోలు పడడానికి అదే బండిలో అనుమతి ఉండవచ్చు. అప్పుడు ఒక్కొక్క వెనుక టైరు వాటా 1125 కిలోలు. 112వ మెట్టు 1120 దగ్గర ఆగిపోతుంది కనుక 5 కిలోల తేడా కోసం 113కు, అంటే 1150 కిలోలకు వెళ్లక తప్పదు. బండి తలుపు చట్రం మీద తయారీదారు అతికించే చిన్న ఫలకంలో ఇరుసుల బరువులు విడివిడిగా రాసి ఉండడానికి ప్రయోజనం ఇదే.

అమెరికాలో ఈ లెక్కకు మరొక జాగ్రత్త చేరింది. కారు కోసం చేసిన టైరును వ్యానుకో, చిన్న ట్రక్కుకో బిగిస్తే దాని మీద రాసిన బరువును 1.10 చేత భాగించి తగ్గించాలని అక్కడి సమాఖ్య భద్రతా నిబంధనలు చెబుతాయి. 800 కిలోల కారు టైరు వ్యాను కింద 727 కిలోల టైరవుతుంది. ఎత్తైన బండి మలుపులో ఒక పక్కకు ఎక్కువ భారం వేస్తుందనీ, కారు కంటె వ్యాను తన హద్దుకు దగ్గరగా ఎక్కువసార్లు నడుస్తుందనీ అనుభవం నేర్పింది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ సంస్థ సుమారు 65 లక్షల టైర్లను వెనక్కి తీసుకోవలసి వచ్చినప్పుడు ఈ విషయం అమెరికా కాంగ్రెసు దాకా వెళ్లింది. ఎక్కువగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు ఉన్న ఆ టైర్ల బటన్ భాగం పరుగులో ఊడిపోయి ఎందరో మరణించారు. టైరు తయారీలోని లోపాలతో పాటు, బండికి సూచించిన 26 పాయింట్ల గాలి ఆ బరువుకు, ఆ వేగానికి, ఆ ఎండకు సరిపోతుందా అన్న ప్రశ్న వివాదంలో ముఖ్యాంశమైంది. అదే ఏడాది నవంబరులో వచ్చిన చట్టం వల్ల టైర్ల పరీక్షలు కఠినమయ్యాయి, వ్యాన్లతో సహా తేలికపాటి వాహనాలన్నిటిలో గాలి తగ్గితే హెచ్చరించే పరికరం తప్పనిసరి అయింది. ఆ మరణాలు లేకుండానే ఈ మార్పు రావలసింది; గాలి తగ్గిన టైరు బరువు మించిన టైరుతో సమానమన్నది ఇంజనీర్లకు అప్పటికి దశాబ్దాలుగా తెలిసిన సంగతే.

ఈ పట్టికలన్నిటి వెనుక పైకి చెప్పని ఒక ఊహ ఉంది: సరుకు వ్యాను నిండుగా వెళ్లి ఖాళీగా తిరిగి వస్తుంది, ఆ ఖాళీ దారిలో టైరు చల్లబడి తేరుకుంటుంది. ఈ ఊహకు సరిపడని మొదటి బండి ఐరోపాలో విహారయాత్రలకు వాడే ఇల్లు వంటి వ్యాను. మంచం, పొయ్యి, నీళ్ల తొట్టి ఎప్పుడూ దానిలోనే ఉంటాయి కనుక అది ఏనాడూ ఖాళీ కాదు, పైగా నెలల తరబడి ఒకేచోట అదే బరువుతో నిలిచి ఉంటుంది. దాని కోసం సి స్థానంలో సి.పి. అన్న ప్రత్యేకమైన గుర్తు పుట్టింది, వెనుక టైర్లకు మామూలు సి టైరు కంటె ఎక్కువ గాలి నిర్దేశించారు. ఇప్పుడు విద్యుత్ వ్యాను వచ్చింది. సరుకు దింపిన తరువాత కూడా వందల కిలోల బ్యాటరీ ఇరుసుల మీదనే ఉంటుంది, టైరు తేరుకునే ఖాళీ దారి కుదించుకుపోతుంది. కార్లలో ఇదే అవసరానికి 2021 నుంచి ఎచ్.ఎల్. అన్న కొత్త గుర్తు టైరు పక్కభాగం మీదికి ఎక్కింది. కొలత మారకుండానే మామూలు టైరు కంటె సుమారు 20 శాతం ఎక్కువ మోస్తుందని దాని అర్థం. అంత బరువునూ మోసేది ఇప్పటికీ నేల మీద ఆనిన ఆ అరచేతి మేర గాలే.